స్నానపు తొట్టిపై మొండి మరకలు: కారణాలు, వంటింటి ఉపాయాలు

కటిస్నానపు తొట్టి కొని ఆరు నెలలు తిరగకముందే దాని లోపలి అంచు చుట్టూ తెల్లని గీత ఒకటి కనబడుతుంది. ఏడాది గడిచేసరికి ఆ గీత పట్టీగా మారి, గోటితో గీకినా రాని పెచ్చు కడుతుంది. కుళాయి కారే చోట ఎర్రని చార, నీరు పోయే రంధ్రం చుట్టూ బూడిదరంగు జిడ్డు, మూలలలో నల్లని చుక్కలు దీనికి తోడవుతాయి. బడంగ్‌పేట్, బాలాపూర్, నాదర్‌గుల్, మీర్‌పేట మొదలుకొని ఇటు ఎల్‌.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వరకు బోరు నీటితో స్నానం చేసే ఇళ్ళలో ఇది సర్వసాధారణమైన విషయం. పెద్ద తొట్టి లేని ఇళ్ళలోనూ ప్లాస్టిక్ టబ్బులు, బకెట్లు, గోడ పలకలు, సిమెంటు తొట్లు ఇదే స్థితికి వస్తాయి కనుక ఇందులోని విషయాలు వాటికి కూడా వర్తిస్తాయి.

ఎంత తోమినా మరక వదలనప్పుడు విసిగిన ఇంటివారు చివరకు యాసిడ్ సీసా తెప్పిస్తారు. దాని వల్ల తొట్టికి జరిగే నష్టం అటుంచి, తలుపు మూసిన ఇరుకు గదిలో మనిషికి జరిగే కీడు చాలా పెద్దది. నిజానికి మరకలన్నీ ఒక జాతివి కావు. ఏ మరక ఏ జాతిదో గుర్తించగలిగితే దానిని వదిలించే వస్తువు చాలావరకు వంటింటిలోనో, వీధి చివరి కిరాణా దుకాణంలోనో దొరుకుతుంది. యాసిడ్ అవసరం రానే రాదు.

తొట్టి స్నానం మనకు కొత్త కాదు

స్నానపు తొట్టి పాశ్చాత్యుల విలాసమని కొందరి అభిప్రాయం. చరక సంహిత సూత్రస్థానంలో 14వ అధ్యాయం స్వేద విధులను గురించినది. అందులో చెప్పిన 13 విధాల స్వేదాలలో అవగాహ స్వేదం ఒకటి. గోరువెచ్చని కషాయమో, తైలమో, పాలో నింపిన తొట్టిలో రోగిని కూర్చుండబెట్టడమే ఆ విధానం. ఆధునిక కాలంలో జర్మనీ దేశస్థుడు లూయీ కూనే జలచికిత్సా గ్రంథాన్ని 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తేవడంతో కటిస్నానం తెలుగువారి ఇళ్ళలోకి ప్రవేశించింది. నాటి నుండి ప్రకృతి వైద్యులు మలబద్ధకానికి, నడుము నొప్పికి, స్త్రీల రుతుబాధలకు దీనిని సూచిస్తూనే ఉన్నారు.

కటిస్నానంలో నడుము, తొడలు, కటి భాగం పది నుండి ఇరవై నిమిషాల పాటు తొట్టి గోడకు ఆనుకుని ఉంటాయి. అందుచేత ఆ గోడ నున్నగా, శుభ్రంగా ఉండవలెను. అభ్యంగనం చేసి దిగే తొట్టి అయితే నూనె పొర మీద కాలు జారే ప్రమాదం కూడా ఉన్నది. పెద్దవారున్న ఇంటిలో తొట్టి శుభ్రత అందచందాల కోసం మాత్రమే కాదు.

బోరు నీటిలో ఏమున్నది?

హైదరాబాదు నగరం సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి నల్లసేనపు రాయి మీద కట్టబడినది. ఆ రాతి పగుళ్ళలోను, పైనున్న మొరం పొరలోను నిలిచిన నీరే మన బోర్లకు ఆధారం. ఎంత కాలం నిలిస్తే అంతగా సున్నపు జాతి, మెగ్నీషియం జాతి లవణాలు ఆ నీటిలో కరుగుతాయి. వీటి మోతాదునే నీటి కాఠిన్యం అంటారు. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని అంగీకరించింది. మరొక ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతించింది. నాగార్జునసాగర్ నుండి కృష్ణా జలం 2004లో నగరానికి చేరింది. అయినా ఆ నీటిని తాగడానికి, వంటకు దాచుకుని, స్నానానికి బోరు నీటినే వాడే ఇళ్ళు శివారు కాలనీలలో ఎన్నో ఉన్నాయి.

ఒక చిన్న లెక్క చూడండి. కాఠిన్యం 500 ఉన్న నీటిని 40 లీటర్లు తొట్టిలో నింపితే అందులో 20 గ్రాముల లవణం ఉన్నట్టు. అంటే సుమారు నాలుగు చెంచాల పొడి. అదంతా తొట్టికి అంటుకోదు, చాలాభాగం నీటితో పాటే పోతుంది. గోడకు అంటిన తడి ఆరినప్పుడు ఆ తడిలోనిది మాత్రం అక్కడే మిగులుతుంది. రోజుకొక పలుచని పొర చొప్పున పేరుకుని ఏడాదికి పెచ్చు అవుతుంది. వేడినీటిలో ఈ పని మరింత వేగంగా సాగుతుంది. కరిగి ఉన్న సున్నపు లవణం వేడికి విరిగి, కరగని సుద్దగా మారడమే దీనికి కారణం. గీజరు లోపలి కడ్డీ మీద, పాల గిన్నె పెట్టి మరిగించే నీళ్ళ గిన్నె అడుగున కట్టే తెల్లని గార కూడా ఇదే.

మీ నీటి గుణం తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒకే కొలత గల రెండు సీసాలలో ఒకదానిలో వాన నీరు, రెండవదానిలో బోరు నీరు సగం వరకు పోసి, ఒక్కొక్కదానిలో చిటికెడు సబ్బు తురుము వేసి బాగా కుదపవలెను. వాన నీటిలో నురుగు నిలుస్తుంది. బోరు నీటిలో నురుగు రాక తెల్లని విరుగుడు తేలితే అది కఠిన జలం.

ముందుగా మరకను గుర్తించండి

తొట్టిని పొడిగా తుడిచి, మరక మీద ఒక చుక్క నిమ్మరసం వేసి దగ్గరగా చూడవలెను. సన్నని బుడగలు లేస్తే అది సున్నపు పెచ్చు. బుడగలు రాక, గోటితో గీకితే మైనంలా ముద్దగా వస్తే అది సబ్బు జిడ్డు. ఎర్రని లేక గోధుమ రంగు చార నిమ్మరసానికి నిదానంగా లేతబడితే అది ఇనుము. నల్లని చుక్కలు, గులాబీ రంగు జిగురు పొర కనబడితే అవి సూక్ష్మజీవులు. తొట్టి ఒకటే అయినా నాలుగు జాతులూ ఒకదాని మీద ఒకటి ఉండవచ్చును. అట్టి సందర్భంలో వరుస క్రమం ముఖ్యం. మొదట జిడ్డును, పిమ్మట సున్నాన్ని తీయవలెను. పైన జిడ్డు పొర ఉండగా పులుపు ఎంత పోసినా అది లోపలి సున్నాన్ని తాకదు. "వెనిగర్ పోసినా పోలేదు" అనేవారి ఇళ్ళలో తరచుగా జరిగేది ఇదే.

తెల్లని సున్నపు పెచ్చు

సున్నానికి విరుగుడు పులుపు. పులుపులన్నీ సమానం కావన్నది ఇక్కడ గమనించదగిన విషయం. మన ఇళ్ళలో రాగి, ఇత్తడి పాత్రలు తోమడానికి చింతపండును మించినది లేదు. కాని తెల్లని తొట్టికి చింతపండు పనికిరాదు. దానిలోని పులుపు సున్నంతో కలిసినప్పుడు ఏర్పడే లవణం నీటిలో సరిగా కరగదు, తెల్లని పొడిగా అక్కడే మిగులుతుంది. పైగా పులుసు రంగు గీతలలోకి ఇంకుతుంది. రాగి బిందె మీది నల్లదనం వేరు, తొట్టి మీది సున్నం వేరు.

దీనికి మేలైనవి రెండు. ఒకటి, కిరాణా దుకాణాలలో నిమ్మ ఉప్పు పేరుతో అమ్మే పలుకులు. రెండవది, రంగు లేని వెనిగర్. తాజా నిమ్మరసం కూడా పనిచేస్తుంది, అయితే తొట్టి అంతటికీ కావలసినన్ని నిమ్మకాయలు వేసవిలో కొనడం దండుగ.

ఒక లీటరు గోరువెచ్చని నీటిలో మూడు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కరిగించవలెను. పాత ధోవతి గుడ్డను గాని, చీర ముక్కను గాని అందులో ముంచి, పిండకుండా మరక మీద పరచి అద్దవలెను. నిలువు గోడ మీద పులుపు జారిపోకుండా పట్టి ఉంచడానికే ఈ గుడ్డ. అరగంట సేపు గుడ్డ ఆరకుండా మధ్యమధ్య చిలకరిస్తూ ఉండవలెను. తరువాత గుడ్డ తీసి, బీరపీచుతో గుండ్రంగా రుద్ది, నీటితో కడిగి, మరల చూడవలెను. ఏడాది పాటు పేరుకున్న పెచ్చు ఒక్క పూటలో పోదు. రోజుకొక అరగంట చొప్పున నాలుగైదు రోజులు పట్టవచ్చును. బలం పెంచి ఒక్కసారిగా తీయాలనే ఆత్రమే తొట్లను పాడుచేస్తుంది.

కుళాయి మూతికి, జల్లు స్నానపు గొట్టం చిల్లులకు పట్టిన పెచ్చుకైతే చిన్న ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి, దానిలో అవి మునిగేట్టు రబ్బరు పట్టీతో కట్టవలెను. అరగంటకు మించి ఉంచరాదు. ఎక్కువసేపు ఉంచితే పైనున్న మెరుపు పూత చెడుతుంది.

చాలామంది సలహా ఇచ్చే పద్ధతి మరొకటి ఉన్నది. తినే సోడాను, వెనిగర్‌ను కలిపి పోయడం. బుసబుస పొంగుతుంది కనుక చూడడానికి ఘనంగా ఉంటుంది. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిసిన మరుక్షణం ఒకదాని బలాన్ని మరొకటి హరించి, మిగిలేది ఉప్పునీటి వంటి ద్రవమే. వేటికవి విడిగా వాడితే పనిచేసే రెండు వస్తువులను కలిపి వృథా చేయడం ఇది. పొంగును చూసి శుభ్రమైందనుకోవడం పొరపాటు.

తొట్టి ఏ పదార్థంతో చేసినదో చూడండి

పై పద్ధతి ప్లాస్టిక్, అక్రిలిక్, ఫైబరు తొట్లకు, మెరుపు పూత గల గోడ పలకలకు క్షేమకరం. ఎనామిల్ పూత గల పాతకాలపు ఇనుప తొట్టి అయితే గుడ్డను పది నిమిషాలకు మించి ఉంచక, వెంటనే కడగవలెను. పులుపు ఎక్కువసేపు నిలిస్తే ఎనామిల్ మెరుపు పోయి గరుకు తేలుతుంది.

తాండూరు, షాబాదు, కడప బండల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హైదరాబాదు ఇళ్ళలో స్నానపు గది నేల, తొట్టి గట్టు తరచుగా ఈ బండలతోనే వేస్తారు. ఈ మూడూ సున్నపురాయి జాతివి. అంటే మరక ఏ పదార్థమో బండ కూడా అదే పదార్థం. మరకను కరిగించే పులుపు బండను కూడా కరిగిస్తుంది. పాలరాయి సంగతి కూడా ఇంతే. వీటి మీద నిమ్మకాయ, వెనిగర్, మజ్జిగ, ఏ పులుపూ వాడరాదు. చాకలి సోడా నీటితో, కొబ్బరి పీచుతో తోమడమే తగినది. మీ గట్టు ఏ రాయో తెలియకపోతే కనబడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. బుడగలు వస్తే సున్నపురాయి. గ్రానైటు అయితే బుడగలు రావు.

ఇటుక పొడి, బూడిద, ఇసుక మన పెద్దలు కంచు పాత్రలకు వాడిన మాట నిజమే. అక్రిలిక్, ఫైబరు తొట్టి మీద అవి కంటికి కనబడనంత సన్నని గీతలు గీస్తాయి. ఆ గీతలే తరువాత మురికికి స్థావరాలు. ఇనుప పీచు ఇంకా చెడ్డది. దాని తునకలు గీతలలో ఇరుక్కుని తుప్పు పట్టి కొత్త మరకలవుతాయి. రంగులు కలిపే థిన్నరు, గోళ్ళ రంగు తీసే ద్రవం అక్రిలిక్‌ను కరిగిస్తాయి కనుక వాటి జోలికి పోరాదు.

సబ్బు జిడ్డు

కఠిన జలంలో సబ్బు కరగదు. నీటిలోని సున్నంతో కలిసి జిగట ముద్దగా విరుగుతుంది. ఒంటి నూనె, మురికి ఆ ముద్దలో చిక్కుకుని తొట్టి చుట్టూ బూడిదరంగు పట్టీ కడతాయి. అభ్యంగనపు నువ్వుల నూనె దీనికి తోడైతే పట్టీ మరింత మొండిది అవుతుంది.

ఒక లీటరు వేడి నీటిలో రెండు పెద్ద చెంచాల చాకలి సోడా కలిపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ నీటిని పట్టీ మీద గుడ్డతో పూసి ఇరవై నిమిషాలు ఉంచి రుద్దవలెను. చాకలి సోడాకు, తినే సోడాకు భేదం ఉన్నది. తినే సోడా బలం తక్కువ, చేతులకు మంచిది, కొత్త జిడ్డుకు సరిపోతుంది. పాత జిడ్డుకు చాకలి సోడాయే కావలెను. నూనె మరీ ఎక్కువగా ఉంటే మొదట పొడి శనగపిండి చల్లి, అది నూనెను పీల్చిన పిమ్మట పిండిని కాగితంతో ఎత్తి చెత్తలో వేయవలెను. నీటితో కడిగి గొట్టంలోకి పంపితే అది అక్కడ ముద్ద కడుతుంది.

సబ్బుకు బదులు సున్నిపిండితో నలుగు పెట్టుకునే ఇళ్ళలో ఈ పట్టీ చాలా తక్కువగా ఏర్పడుతుంది. పిండి నూనెను పీలుస్తుంది గాని సున్నంతో కలిసి జిగట ముద్ద కాదు. కుంకుడు కాయ రసం కూడా అట్టిదే. దాని నురుగును కఠిన జలం చంపలేదు. తొట్టిని ప్రతిదినం కడగడానికి పలుచని కుంకుడు రసం చక్కగా పనికివస్తుంది. నిలవ ఉంచితే రసం రంగు అంటుతుంది కనుక రుద్దిన వెంటనే కడిగివేయవలెను. నలుగు పిండి కూడా గొట్టానికి అడ్డుపడుతుంది. తొట్టి రంధ్రం మీద సన్నని జాలీ తప్పనిసరి.

ఇనుప చారలు

బోరు నీటిలో కరిగిన ఇనుముకు రంగు ఉండదు. బిందెలో పట్టినప్పుడు తేటగా ఉన్న నీరే గాలి సోకిన కొంతసేపటికి ఎర్రబడుతుంది. తుప్పు పట్టిన పాత ఇనుప గొట్టాలది కూడా ఇదే ఫలితం. కుళాయి బొట్లు బొట్లుగా కారే చోట సరిగ్గా దాని కింద ఎర్రని చార దిగుతుంది.

దీనికి ఉప్పు, నిమ్మరసం ముద్దగా కలిపి చార మీద పట్టించి, గంటసేపు ఉంచి, మెత్తని గుడ్డతో రుద్ది కడగవలెను. అక్రిలిక్ తొట్టికి ఉప్పు పలుకులు గీతలు పడకుండా మెత్తగా నూరినది వాడవలెను. నిమ్మ ఉప్పు ద్రావణంలో ముంచిన గుడ్డ కూడా చక్కగా పనిచేస్తుంది. ఎనామిల్ తొట్టికి, బండలకు ముందు చెప్పిన జాగ్రత్తలు ఇక్కడ కూడా పాటించవలెను. ఇనుప చారకు బ్లీచింగ్ పౌడరు ఎన్నడూ వేయరాదు. తెల్లబరుస్తుందని వేస్తారు, అది ఇనుమును మరింతగా తుప్పు రూపానికి మార్చి మరకను స్థిరపరుస్తుంది. కుళాయి వాషరు మార్పించనిదే ఎన్నిసార్లు రుద్దినా చార మరల వస్తుంది.

పసుపు, గోరింటాకు

మంగళ స్నానాల తరువాత తొట్టికి అంటిన పసుపును సబ్బుతో కడగగానే ఎర్రబడడం చూసి కంగారుపడేవారున్నారు. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే ఇదీ. నిమ్మరసం తగిలితే మరల పసుపు రంగుకు వస్తుంది. పసుపు నూనెలో కరుగుతుంది కనుక కొద్దిగా వంట నూనె రాసి తుడిచి, ఆ నూనెను శనగపిండితో తీసి, టబ్బును రెండు మూడు రోజులు ఎండలో బోర్లించకుండా ఉంచితే మిగిలిన రంగు వెలిసిపోతుంది. కదపలేని తొట్టి అయితే ఓపిక పట్టవలెను. గోరింటాకు, జుట్టు రంగులు పడిన వెంటనే కడగడమే మార్గం. ఆరిన తరువాత వాటికి సులువైన ఉపాయం లేదు.

నల్లని చుక్కలు, గులాబీ పొర

ఇవి బూజు, సూక్ష్మజీవులు. గాలి, వెలుతురు లేని గదిలో సబ్బు జిడ్డును ఆహారంగా చేసుకుని పెరుగుతాయి. ఆయాసం, తుమ్ముల వ్యాధి ఉన్నవారికి బూజు హాని చేస్తుంది. వేపాకు కషాయంతో కడిగితే పోతాయని కొందరు సలహా ఇస్తారు. వేపాకు గుణాలను కాదనలేము గాని, గోడ సందులలో వేళ్ళూనిన బూజును ఆ కషాయం తీయలేదు, పైగా దాని ఆకుపచ్చ రంగు అంటుతుంది. చాకలి సోడా నీటితో పాత పళ్ళ బ్రష్షు పట్టి రుద్దడం, గదిని రోజంతా తెరచి ఆరనివ్వడం ముఖ్యమైన చికిత్స. అప్పటికీ పోని చుక్కలకు మాత్రమే పలుచని బ్లీచింగ్ పౌడరు నీటిని వాడవచ్చును. తలుపు, కిటికీ తెరచి, పదినిమిషాలు ఉంచి కడగవలెను. నిమ్మ ఉప్పు గాని, వెనిగర్ గాని వాడిన రోజున బ్లీచింగ్ పౌడరును దగ్గరకు కూడా రానీయరాదు. దీనికి కారణం కింద చెప్పబడుతున్నది.

యాసిడ్ సీసా సంగతి

దుకాణాలలో స్నానపు గదుల కోసం అమ్మే యాసిడ్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మరుగుదొడ్డి శుభ్రపరిచే ద్రావకాలలో చాలావాటిలోను ఇదే పలుచగా ఉంటుంది. ఇది సున్నపు పెచ్చును క్షణాలలో కరిగించే మాట వాస్తవమే. అదే క్షణాలలో పలకల సందులలోని సిమెంటును తింటుంది, ఎనామిల్ మెరుపును తీసివేస్తుంది, కుళాయిల పూతను నల్లబరుస్తుంది. సందులు పోయిన నేల నుండి కింది అంతస్తుకు తేమ దిగడం మొదలైతే ఆ ఖర్చు ఎంతో అపార్టుమెంటు వాసులకు తెలుసు.

ఇక మనిషి సంగతి. మూసిన గదిలో యాసిడ్ ఆవిరి ముక్కును, గొంతును, ఊపిరితిత్తులను దహిస్తుంది. అన్నిటికన్నా ఘోరమైనది యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలపడం. "రెండూ శుభ్రపరిచేవే కదా, కలిపితే రెట్టింపు శుభ్రం" అనే ఊహతో ఇంటివారో, పనిమనిషో ఒకదాని వెంట ఒకటి పోస్తారు. అప్పుడు వెలువడేది క్లోరిన్ వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని యీప్ర్ వద్ద జర్మనీ సైన్యం శత్రువుల మీద వదిలినది ఈ వాయువునే. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా ఆమ్లాలే కనుక బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే అవి కూడా ఈ వాయువును వెలువరిస్తాయి. వంటింటి వస్తువు కదా అని ఏమరుపాటు పనికిరాదు.

ఘాటైన వాసన, దగ్గు, కళ్ళ మంట తోచగానే కడగడం ఆపి, గది తలుపు తెరచి బయటి గాలిలోకి రావలెను. ఇంకా నీళ్ళు పోసి సర్దుదామని లోపల నిలబడరాదు. ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళవలెను, 108కు ఫోను చేయవలెను. కంటిలోగాని చర్మం మీదగాని యాసిడ్ పడితే ధారగా పడే మామూలు నీటితో కనీసం ఇరవై నిమిషాలు కడగవలెను. దాని మీద సోడా, సున్నం, పసుపు, వెన్న వంటివి రాయరాదు. పొరపాటున మింగితే నోరు పుక్కిలింపజేసి వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవలెను. వాంతి చేయించరాదు. ఉప్పునీరు తాగించి కక్కించడం మన ఇళ్ళలో పాత అలవాటు. యాసిడ్ విషయంలో అది ప్రాణాంతకం, దిగేటప్పుడు కాల్చిన అన్నవాహికను పైకి వచ్చేటప్పుడు మరొకసారి కాలుస్తుంది.

యాసిడ్ దాడికి గురైన లక్ష్మి వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2013 జూలై 18న యాసిడ్ చిల్లర అమ్మకాలకు షరతులు విధించింది. కొనేవారు గుర్తింపు పత్రం చూపవలెను, ఎందుకు కొంటున్నారో తెలుపవలెను. అమ్మేవారు ఆ వివరాలను పుస్తకంలో రాయవలెను. 18 సంవత్సరాలు నిండనివారికి అమ్మరాదు. అందుచేత పిల్లవాణ్ణి దుకాణానికి పంపి తెప్పించే వస్తువు కాదిది. ఇప్పటికే ఇంటిలో ఉంటే మంచినీళ్ళ సీసాలోకి, శీతల పానీయపు సీసాలోకి మార్చి ఉంచడం అతి ప్రమాదకరం. పిల్లలకు సీసా ఆకారమే తెలుస్తుంది గాని లోపల ఏమున్నదో తెలియదు.

మరక పడకుండా

స్నానం ముగిసిన తరువాత తొట్టిని ఒక గుక్కెడు మంచి నీటితో తడిపి, పొడి గుడ్డతో తుడవడానికి రెండు నిమిషాలు పట్టదు. తడి ఆరనిచ్చినప్పుడే సున్నం మిగులుతుంది కనుక తడినే తీసివేస్తే సున్నానికి తావు లేదు. ఇంతకంటే చౌకైన, మేలైన ఉపాయం మరొకటి లేదని నా అభిప్రాయం. పటిక వేస్తే నీరు మెత్తబడుతుందని కొందరనుకుంటారు. పటిక బురదను దించుతుంది గాని కాఠిన్యాన్ని తగ్గించదు. నీటిని మెత్తబరిచే యంత్రాలు సున్నాన్ని తీసి బదులుగా సోడియంను కలుపుతాయి. స్నానానికి, బట్టలకు అవి మంచివే. రక్తపోటు ఉన్నవారు ఆ నీటిని తాగడానికి వాడరాదు.

వాన నీరు ప్రకృతి మనకిచ్చిన మెత్తని నీరు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. అంటే 100 చదరపు మీటర్ల డాబా మీద 80,000 లీటర్ల నీరు పడుతున్నట్టు. అందులో ఒక డ్రమ్మెడు పట్టి మూత పెట్టి ఉంచుకున్నా, వానాకాలమంతా తొట్టిని చివరిసారి తొలిచే నీటికి లోటు ఉండదు.

ఇన్ని చేసినా పోని తెల్లదనం కొన్ని తొట్లలో కనబడుతుంది. కొనగోటితో మెల్లగా తడిమి చూడండి. గోటికి మిట్టగా తగిలితే అది ఇంకా మిగిలిన పెచ్చు, నిమ్మ ఉప్పు గుడ్డ మరల వేయవలెను. గోటికి పల్లంగా, గరుకుగా తగిలితే అది మరక కాదు, లోగడ పోసిన యాసిడ్ తినివేసిన గాయం. దానికి వంటింటిలో ఔషధం లేదు. ఫైబరు తొట్లకు, ఎనామిల్ తొట్లకు కొత్త పూత వేసే పనివారు నగరంలో ఉన్నారు. పూత వేయించే ఉద్దేశం లేకపోతే ఆ తొట్టిని కటిస్నానానికి మాని, డాబా మీదికి చేర్చి, అడుగున రంధ్రం తెరచి ఉంచి మట్టి నింపితే పుదీనా బాగా పెరుగుతుంది.